పిల్లనగ్రోవికి చోటివ్వండి

వాద్యబృందంలో పిల్లనగ్రోవిది మృదువైన స్వరం. తక్కిన వాద్యాలు తగ్గితేనే అది వినబడుతుంది.

ఢిల్లీ ఆకాశవాణిలో 1952లో జాతీయ వాద్యబృందం ఏర్పడింది. 1956లో దానికి సారథిగా వచ్చిన పన్నాలాల్ ఘోష్ పిల్లనగ్రోవి విద్వాంసుడే. వెదురు గొట్టానికి కచేరీ వేదికపై గౌరవం తెచ్చినవాడాయన. తరువాతి కాలంలో మన ద్రాక్షారామంలో పుట్టిన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు ఆ బృందాన్ని నడిపించారు.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాల్లో ఫ్యాక్టరీ కూలి మీద బ్రతికే ఇంట్లో కీబోర్డు కొనడం కష్టం. వెదురు పిల్లనగ్రోవి కొనవచ్చు. తల్లిదండ్రులారా, “ఇది కూడు పెడుతుందా?” అని బిడ్డ చేతిలోనుండి దాన్ని లాగివేయకండి. సంఘ పెద్దలారా, సంవత్సరాంతపు క్రిస్మస్ సంగీత కూడికలో ఒక్క కీర్తనకైనా డ్రమ్ములు ఆపించండి. ఇద్దరు పిల్లలను వంతులవారీగా ఊదనివ్వండి. సంఘమంతా నిశ్శబ్దంగా విననివ్వండి.