పాత ట్రాక్టరుకు కొత్త రంగు

ట్రాక్టరు పాతబడినప్పుడు రంగు వెలిసిపోవడం పైకి కనిపించే మార్పు మాత్రమే. అసలు నష్టం ఆ రంగు కింద, ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తోనూ తేమతోనూ కలిసి తుప్పుగా మారే చోట జరుగుతుంది. తుప్పు అంటే నీటిని తనలో ఇముడ్చుకొన్న ఐరన్ ఆక్సైడ్; అది తాను పుట్టిన ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, చిన్న గీత పడిన చోటినుంచి పూత కిందికి పాకి రంగును పెచ్చులుగా లేపివేస్తుంది.

కృష్ణా, గోదావరి డెల్టాల వంటి వరి సీమల్లో ఈ బెడద మరీ ఎక్కువ. దమ్ము చేసేటప్పుడు మడ్‌గార్డుల లోపలి అంచుల్లోనూ బోల్టుల చుట్టూ చేరిన బురద తొందరగా ఆరదు. పొటాష్ ఎరువు పొడి ఆ తడిలో కరిగితే, అందులోని క్లోరైడ్ అయాన్లు, అనగా విద్యుదావేశం గల క్లోరిన్ కణాలు, తుప్పును వేగిరపరుస్తాయి. తుప్పు పట్టడం విద్యుత్ రసాయన చర్య: లోహంలో ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంటే, మరోచోట ఆక్సిజన్ వాటిని అందుకొంటుంది, ఉప్పునీరు ఈ రెండింటి మధ్య వలయాన్ని పూర్తిచేస్తుంది. ఏ పూతా నీటి ఆవిరిని పూర్తిగా అడ్డుకోలేదు కాబట్టి, తుప్పుపైన వేసిన ఖరీదైన పెయింటు సైతం ఆ చర్యను ఆపదు, కొన్నాళ్లు మరుగుపరుస్తుంది.

అందువల్ల రంగు వేసే ముందు తుప్పును గీకివేయాలి, గీకడానికి ముందే కడగాలి. గ్రీజు తీయకుండా ఉప్పుకాగితం పట్టిస్తే జిడ్డు గీతల్లోకి చేరి, ఆపైన ప్రైమరు పట్టు నిలవదు. కిరోసిన్ గ్రీజును కరిగించినా పల్చని జిడ్డు పొరను మిగులుస్తుంది కనుక, దాని తరవాత డిటర్జెంటు నీటితో కడిగి ఆరనివ్వాలి.

పాత పూతను తీయడంలో అసలు ప్రమాదం సీసం. ఒకప్పుడు ప్రైమర్లలో రెడ్ లెడ్‌ను, పసుపు, నారింజ రంగుల్లో లెడ్ క్రోమేట్‌ను విరివిగా వాడేవారు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1న అమలులోకి వచ్చింది గాని, అంతకు ముందే యంత్రాలకు పట్టిన పూతలకు ఆ భరోసా లేదు. సీసపు ధూళి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది కనుక, ఇంటి ముంగిట పొడిగా గీకడం తగదు. వాటర్ పేపరుతో తడిపి రుద్ది, రాలిన మడ్డిని విడిగా సేకరించాలి. ఇసుకను వేగంగా చిమ్మి రంగు తీసే పద్ధతి ఊపిరితిత్తులను గట్టిపరిచే సిలికోసిస్ వ్యాధికి దారితీస్తుంది. బ్రిటన్ దానిని 1950లోనే నిషేధించింది.

తడిసిన ఇనుముకు కొద్ది గంటల్లోనే కొత్త తుప్పు పడుతుంది. అందుచేత వెంటనే ఆరబెట్టి, అదే రోజున జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు వేయాలి. మూలల్లో చిక్కుకొన్న తుప్పును ఫాస్ఫారిక్ ఆమ్లం నీట కరగని ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది.

ఎనామిల్ రెండు దశల్లో ఆరుతుంది: ముందు థిన్నర్ ఆవిరవుతుంది, తరవాత రెజిన్‌లోని నూనె ఆక్సిజన్‌ను పీల్చుకొని వలలా అల్లుకొంటుంది. మందంగా వేస్తే పైన పొర కట్టి లోపల పచ్చిగా మిగిలి ముడతలు పడుతుంది కనుక పల్చని పూతలే మేలు. చలికాలపు ఉదయాన చల్లబడిన ఇనుముపై కంటికి ఆనని మంచు చెమ్మ ఉంటుంది. లోహం ఉష్ణోగ్రత, తేమ నీరుగా మారే ఉష్ణోగ్రతకంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉన్నప్పుడే రంగు వేయాలి.

గట్టిదనం కోసం వాడే రెండు డబ్బాల పాలీయురేథేన్ రంగు గట్టిపడడానికి కలిపే ఐసోసైనేట్లు ఆస్తమాను కలిగించగలవు, ముఖానికి కట్టుకొన్న తువ్వాలు వాటిని ఆపదు. ఆ రంగును స్ప్రే చేయించే షెడ్డు యజమానులు పెయింటర్లకు స్వచ్ఛమైన గాలి అందించే మాస్కులను తప్పక సమకూర్చాలి.