బందరుకీ కొండలున్నాయి

ఆల్ప్స్ పర్వతాల ఒడిలో ఇన్స్‌బ్రుక్ అని ఒక పాత పట్నం ఉంది. ఆస్ట్రియా వెళ్లిన మనవాళ్లు అక్కడ మొదట కెమెరా ఎత్తేది ఒక చిన్న మేడ వసారా కప్పు వైపు. మాక్సిమిలియన్ చక్రవర్తి కోసం 1500లో పూర్తయిన ఆ కప్పుకు 2,657 రాగి పెంకులు, వాటి మీద బంగారు పూత. రాగి మీద పల్చని బంగారం అనగానే కృష్ణా జిల్లాలో ఎవరికైనా తోచేది మన బందరు చిలకలపూడే. ఇక్కడి రోల్డ్‌గోల్డ్ గొలుసులు, గాజులు ఎరగని ఇల్లాలు తెలుగునాట అరుదు.

ఆ కప్పును ఫొటో తీయడంలోనూ ఈ గాజును తీయడంలోనూ చిక్కు ఒకటే. మెరిసే లోహం తన రంగు కన్నా తనకు ఎదురుగా ఉన్నదాన్నే ఎక్కువ చూపిస్తుంది. ఎండ సూటిగా పడితే తెల్లటి మచ్చలు మిగులుతాయి, బంగారు రంగు ఎగిరిపోతుంది. అందుకే అక్కడ ఓపికున్నవాళ్లు పల్చటి మబ్బు కమ్మేదాకా ఆగుతారు. చిలకలపూడిలో అంత ఆగనక్కర్లేదు. గుమ్మానికి ఉతికిన తెల్ల పంచె కట్టి, దాని గుండా వచ్చే వెలుగులో నగను పెడితే చాలు, పనివాడి చేతి గీతలు కూడా పడతాయి. పరాయి ఊళ్లో చూపించే ఆ ఓర్పును మన బందరు మీద ఎందుకు చూపించం? ఈ ఊరికి అది దక్కాలని నా కోరిక.

ఇన్స్‌బ్రుక్ వీధిలో నిలబడితే ఇళ్ల వెనకే కొండ. ఊరు సముద్రమట్టానికి 574 మీటర్ల ఎత్తున ఉంటే, హాఫెలేకర్ శిఖరం 2,334 మీటర్లు. మరియా తెరేసియా వీధి చివరికి వెళ్లి టెలిఫొటో లెన్సుతో చూస్తే ఆ శిఖరం మేడల నెత్తి మీదికి వంగినట్టుంటుంది. బందరులో గుట్ట కూడా లేదు. ఊరంతా సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే. దాంతో ఇక్కడ తీయడానికేముందని కెమెరాలు సర్దేస్తారు.

తల పైకెత్తితే తెలుస్తుంది. ఎండాకాలం చివర్లోనూ, ఆశ్వయుజ కార్తీకాల్లోనూ మధ్యాహ్నం తిరిగాక లేచే ఉరుము మేఘాలు 15 కిలోమీటర్ల ఎత్తుకు కూడా పోతాయి. ఇన్స్‌బ్రుక్ వీధి నుంచి ఆ శిఖరం లేచే ఎత్తుకు ఇది ఎనిమిది రెట్లకు పైనే. అవి మన కొండలు. గంటా రెండు గంటలు నిలబడి కరిగిపోతాయి కాబట్టి వాటిని పట్టుకోవడం మరీ కష్టం, మరీ ఆనందం. నెత్తి మీదికొస్తే మేఘం ఆకారం తెలియదు. నలభై యాభై కిలోమీటర్ల దూరాన ఉన్నప్పుడే దాని పాదం నుంచి తల దాకా ఫ్రేములో పడుతుంది. చెట్టూ చేమా అడ్డం రాని డెల్టాలోనే ఆ వీలు. సాయంత్రం మంగినపూడి ఒడ్డున పడమటికి వీపు పెట్టి సముద్రం మీది మేఘాన్ని చూడండి, దిగిపోతున్న ఎండంతా దాని మొహం మీదే ఉంటుంది. ఫ్రేములో నేలకు ఆరో వంతు మించి ఇవ్వకండి. ఒక పడవో తాటిచెట్టో ఉంటే చాలు, ఎత్తు అర్థమవుతుంది. వరినాట్ల రోజుల్లో గుడివాడ దారిలో అయితే అదే మేఘం నీళ్లు నిలిచిన మడిలో తలకిందులుగా రెండోసారి కనిపిస్తుంది. ఉరుము వినబడిందా, ట్రైపాడ్ వదిలి ఇంటి లోపలికి వెళ్లిపోవాలి. బయలు పొలంలో పిడుగు వెతుక్కునేది నిలబడ్డ మనిషినే.

మేఘాలకు లేని ఇబ్బంది కట్టడాలకు ఉంది, అది సూర్యుడితో. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా ఇన్స్‌బ్రుక్‌లో సూర్యుడు 19 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. రోజంతా ఏటవాలు వెలుగే. అదే రోజున బందరులో 50 డిగ్రీలు. మే మొదటి వారంలోనూ ఆగస్టు రెండో వారంలోనూ సరిగ్గా నడినెత్తినే. డచ్చివాళ్ల సమాధుల దగ్గర ఇది బాగా తెలుస్తుంది. 1605లో ఇక్కడికొచ్చి వర్తకం పెట్టుకున్న డచ్చి కంపెనీ మనుషుల రాతిపలకల మీద వంశ చిహ్నాలు, అక్షరాలు ఉబ్బెత్తుగా చెక్కి ఉన్నాయి. పలకలు నేలకు సమాంతరంగా పడుకున్నాయి. పదకొండు గంటలకు వెళ్తే నల్లరాయి తప్ప ఏమీ కనబడదు. పొద్దు పొడిచిన గంట లోపు వెళ్తే ప్రతి అక్షరం పక్కన దాని నీడ లేస్తుంది, చదువుకోవచ్చు.

బందరుకోటలో ఆయుధాగారం శిథిలాల దగ్గర జాగ్రత్త వేరు. గోడ పైభాగం కోసం కెమెరాను పైకి వంచితే గోడలు వెనక్కి వాలినట్టు పడతాయి. కొత్త భవనమైతే అదొక తమాషా. నిజంగానే ఒరిగిపోతున్న గోడ విషయంలో అది అబద్ధపు సాక్ష్యం. పదడుగులు వెనక్కి నడిచి, ఫోను తెర మీది గీతలకు దిగంతాన్ని సరిచూసి, నిటారుగా పట్టుకోండి. చిలకలపూడి పాండురంగస్వామి గుడి గోపురానికైనా ఇదే పద్ధతి.

ఇంత ఖచ్చితత్వం ఎందుకంటారా? 1830 ప్రాంతంలో రాబర్ట్‌సన్ అనే ఆంగ్ల అధికారి అమరావతి స్తూపం పలకల్ని బందరుకు తెప్పించి సంత నడుమ నిలబెట్టించాడు. తర్వాత అవి మద్రాసు మ్యూజియానికి చేరాయి. అక్కడి అమరావతి శిల్పాలను 1858లో లిన్నేయస్ ట్రైప్ అనే ఫొటోగ్రాఫర్ ఓర్పుగా ఫొటోలు తీశాడు, అవి ఇప్పటికీ పరిశోధకులకు పనికొస్తున్నాయి. ఆరేళ్లకు, 1864 నవంబరు 1 రాత్రి, సముద్రం బందరు మీదికొచ్చి దాదాపు ముప్ఫై వేల మందిని తీసుకుపోయింది. ఆ పలకలు తరలిపోయాయి గనక ఉప్పెన దారిలో లేవు. ఊరికి ఆ అవకాశం లేదు.

దివిసీమకూ లేదు. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసినవాళ్లు నాగాయలంక, హంసలదీవి వైపు ఇంకా ఉన్నారు. సాగరసంగమాన్ని, మడ అడవుల్ని, కృష్ణ పాయ మీద పులిగడ్డ అక్విడక్టును తీయడానికి వెళ్లేవాళ్లు దారిలో ఆ ఇళ్ల ముందు ఆగితే, ముందు కూర్చుని మాట్లాడాలి. కెమెరా తీయడం వాళ్లు సరేనన్నాకే.

ఒడ్డు రూపు మళ్లీ మారబోతోంది. 2023 మే నెలలో తపసిపూడి దగ్గర కొత్త ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. రేవు రావాలి, బందరు దాని కోసం తరాలుగా ఎదురుచూసింది. అయితే రాకముందు ఉన్న ఒడ్డు ఎలాంటిదో మన పిల్లలకు చూపించే బొమ్మ మన దగ్గరే ఉండాలి. గిలకలదిండిలో మర పడవల వరస, మంగినపూడి నల్లమట్టి తీరం, కోట గోడ, ఏది తీసినా వెనక నాలుగు మాటలు రాసి పెట్టండి: ఏ చోట, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ దిక్కుకు తిరిగి. వచ్చే కార్తీకంలో అదే చోట నిలబడి మళ్లీ తీయడానికి ఆ నాలుగూ కావాలి.