బంగారు గనులూ, పన్నుల నీతులూ

మన కె. జి. ఎఫ్. పేరు ఈ తరంవారికి తెలిసినది బంగారం వలన కాదు, సినిమా వలన. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత ఈ ఊరిని తలచినవారే తక్కువ. 2018 డిసెంబరు 21న "కె. జి. ఎఫ్." చిత్రం విడుదలైనది. మన సయనైడు దిబ్బల మీదనే కొంత భాగం తీసినారు గనుక, ఉత్సాహంగా చూడబోయినవారిలో మేమూ ఉన్నాము.

రెండు వారాలు తిరగకముందే, 2019 జనవరి 3న, ఆదాయపు పన్ను శాఖవారు ఆ చిత్ర కథానాయకుడు యశ్, నిర్మాత విజయ్ కిరగందూరు మొదలుగా పలువురు కన్నడ తారల, నిర్మాతల ఇండ్లలో సోదాలు ఆరంభించినారు. లెక్కకు రాని ఆదాయం 109 కోట్ల రూపాయలు బయటపడినదనీ, 2.85 కోట్ల నగదూ, 25.3 కిలోల బంగారు నగలూ పట్టుకొన్నామనీ ప్రకటించినారు. ఇది అందరిపైనా కలిపి చెప్పిన లెక్క. సోదా జరిగినంత మాత్రాన నేరం ఋజువైనట్లు కాదని కూడ చెప్పుట న్యాయం.

అయినా జనానికి కోపం రాదా? ఆ డిసెంబరులో నూరు రూపాయల వరకు టిక్కెట్టుపై 18 శాతం, అంతకు మించితే 28 శాతం పన్ను. తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు పనికి పోయే కుర్రవాడు సినిమాకు పోతే, ఆ పన్ను టిక్కెట్టు కిటికీ దగ్గరనే వసూలైపోతుంది. వానికి ఆడిటరూ లేడు, వాయిదాలూ లేవు. వాని తాతముత్తాతల నాడైతే మరీ అన్యాయం. 1930లో కంపెనీవారు కార్మికుల వేలిముద్రలు తీయబూనగా వేలాదిమంది సమ్మె కట్టినారు. బంగారం త్రవ్వేవానిపైనే అనుమానమంతా!

ఈ కోపాన్ని చూచి రాజకీయులు గొంతు కలుపుదురు. ఎన్నికల వేదికపై తారకు దండ వేసినవారే, సోదా వార్త రాగానే శ్రీరంగనీతులు చెప్పుదురు. తమ ఇంటి సంగతో? ఉత్తరప్రదేశ్‌లో ముఖ్యమంత్రి, మంత్రుల ఆదాయపు పన్నును ఖజానాయే కట్టునట్లు 1981లో చట్టం చేసినారు. అప్పటి ముఖ్యమంత్రి వి. పి. సింగు. ఆయనే 1984 చివరన కేంద్ర ఆర్థికమంత్రియై, పన్ను ఎగవేసే ధనికులపై దాడులు చేయించి పేరు పొందినారు! ఆ ఏర్పాటును మానివేయుదుమని అక్కడి ప్రభుత్వం ప్రకటించినది 2019లో. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లే గదా!

సీమదేశంలోనూ ఇదే కథ. చట్టానికి లోబడే పన్ను తగ్గించుకొన్న హాస్యనటుడు జిమ్మీ కార్‌ను 2012లో ప్రధాని కామెరాన్ నీతి తప్పినవాడని తప్పుబట్టినారు. తన తండ్రి విదేశంలో నెలకొల్పిన నిధిలో తనకూ వాటాలుండేవనీ, వాటిని 2010లో అమ్మినాననీ, లాభాంశాలపై పన్ను కట్టినాననీ 2016లో ఆయనే చెప్పుకొనవలసి వచ్చినది.

తారల పన్ను అడుగవద్దని మేమనము. తప్పక అడుగవలసినదే. కాని వారిని దూషించుటతో మన కోపం చల్లారిపోరాదు. రేపు ఓటు అడిగే పెద్దమనిషి తారను వెంటబెట్టుకొని రాబర్ట్‌సన్‌పేటకు వచ్చినప్పుడు, చప్పట్లకు ముందు ఒక ప్రశ్న వేయండి: "అయ్యా, తమ పన్ను ఎవరు కడుతున్నారు?"