త్రీనాట్‌త్రీ తుపాకులు: అపోహలు – వాస్తవాలు

అనంతపురం నుంచి గుత్తి వైపు సాగే దారిలోని గార్లదిన్నె వంటి మెట్టప్రాంతాల్లో వేరుశనగ పంటను అడవిపందుల నుంచి కాపాడుకోవడం రైతుకు పెద్ద బాధ్యత కనుక, అక్కడ తుపాకీ అంటే పోలీసు చేతిలోని ఆయుధమే కాక పంట కాపలా సాధనం కూడా. 2 ప్రపంచ యుద్ధాల్లో సైన్యం వాడిన తుపాకుల్లో ఎన్నో మరమ్మతులు పొంది పోలీసు శాఖకూ, ఎన్.సి.సి. శిక్షణకూ, విదేశీ సేకర్తలకూ చేరాయి. వాటిలో మన ప్రాంతానికి బాగా తెలిసినది త్రీనాట్‌త్రీ, అంటే గొట్టం లోపలి వ్యాసం 0.303 అంగుళం గల లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్. దాని పుట్టుక, గుర్తులు, చట్టపరమైన స్థితి గురించి బలపడిన కొన్ని అపోహలు చరిత్ర పట్ల ఆసక్తి ఉన్నవారిని తప్పుదోవ పట్టించడమే కాక, కొన్నిసార్లు జైలు దాకా తీసుకువెళ్లగలవు.

అపోహ 1: త్రీనాట్‌త్రీ తుపాకులన్నీ ఇంగ్లండులో తయారై మన దేశానికి వచ్చినవే.

వాస్తవం: 1907లో ఆమోదం పొందిన మార్క్-3 నమూనాను ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్, బర్మింగ్‌హామ్ కార్ఖానాలతో పాటు ఆస్ట్రేలియాలోని లిత్‌గోలోనూ, బెంగాల్‌లో హుగ్లీ తీరాన 1904లో ఏర్పడిన ఇషాపూర్ రైఫిల్ కార్ఖానాలోనూ పెద్దఎత్తున తయారుచేశారు. కర్ర మడమ తుపాకీ శరీరాన్ని కలిసేచోట ఉండే ఉక్కు పట్టీ కుడివైపున కార్ఖానా పేరు, సంవత్సరం, నమూనా చెక్కి ఉంటాయి. బ్రిటిష్ పాలనలో ఇషాపూర్ తుపాకీపై కిరీటమూ, చక్రవర్తి బిరుదును సూచించే జి.ఆర్.ఐ. అనే అక్షరాలూ ఉండగా, స్వాతంత్ర్యం తర్వాత కిరీటం స్థానంలో అశోకుని సింహ స్తంభ శీర్షమూ, ఇషాపూర్ రైఫిల్ కార్ఖానాను సూచించే ఆర్.ఎఫ్.ఐ. అనే అక్షరాలూ వచ్చాయి. కాబట్టి ఏ ప్రభుత్వ కాలంలో తుపాకీ తయారైందో చెప్పడానికి ఆ పట్టీని చదవడమే మొదటి మెట్టు.

అపోహ 2: ఇషాపూర్ 2ఎ, 2ఎ1 రైఫిళ్లు యుద్ధకాలపు త్రీనాట్‌త్రీలకు కొత్త గొట్టం బిగించి మార్చినవి.

వాస్తవం: ఈ అపోహకు రూపసామ్యమే కారణం. 1962 చైనా యుద్ధానంతర కాలంలో రూపొందిన ఈ తుపాకులు 7.62 మిల్లీమీటర్ల తూటాకు అనుగుణంగా, మరింత దృఢమైన ఉక్కుతో కొత్తగా తయారైనవి తప్ప పాతవాటి మార్పిడి కావు. తూటాల పెట్టెలో పాతదానికి 10 తూటాలు పడితే దీనికి 12 పడతాయి, పెట్టె ఆకారమూ కాస్త చతురస్రంగా ఉంటుంది. 2ఎ1 నమూనాలో దూరం లెక్కగట్టే వెనుక గురిపట్టీని 2,000 గజాల కొలత నుంచి 800 మీటర్ల కొలతకు మార్చారు. ఆ తరువాతి దశాబ్దాల్లో ఇవి అమెరికా సేకర్తల విపణికి మిగులు ఆయుధాలుగా చేరాయి. వీటిని రెండో ప్రపంచ యుద్ధపు తుపాకులుగా చెప్పి అమ్మితే, పట్టీపై 1960ల నాటి సంవత్సరమే ఆ మాటను తోసిపుచ్చుతుంది.

అపోహ 3: తీగ చుట్టిన కర్ర, అడ్డంగా దూర్చిన స్క్రూ, నల్లరంగు పూత ఉంటే అది పల్లె కమ్మరి బాగుచేసిన తుపాకీయే.

వాస్తవం: ఈ 3 గుర్తులూ ప్రభుత్వ కార్ఖానాల పనితనానికి చిహ్నాలు. గొట్టం చివర గిన్నె బిగించి చేతిబాంబును విసిరేటప్పుడు తుపాకీపై పడే ఒత్తిడికి కర్ర చీలకుండా దాని ముందుభాగానికి లోహపు తీగ చుట్టేవారు. ముందుకర్ర చీలకుండా అడ్డంగా బిగించిన స్క్రూ ఇషాపూర్ తుపాకుల ప్రత్యేకత కనుక సేకర్తలు దానిని ఇషాపూర్ స్క్రూ అనే పేరుతోనే పిలుస్తారు. లోహంపై నల్లరంగు పూతను కూడా, తుప్పు పట్టకుండా, మరమ్మతు సమయంలోనే వేసేవారు. బ్రిటిష్ తుపాకులపై కనిపించే ఎఫ్.టి.ఆర్. గుర్తుకు కార్ఖానాలో సమగ్ర మరమ్మతు జరిగిందని అర్థం.

అపోహ 4: అన్ని భాగాలపై ఒకే సంఖ్య ఉంటే ఆ తుపాకీని ఎన్నడూ విప్పలేదని, సంఖ్యలు వేరైతే నకిలీదని తేలిపోతుంది.

వాస్తవం: తుపాకీ శరీరంపైనా, తూటాను మూసిపట్టే బోల్టుపైనా, ముక్కు తొడుగుపైనా సంఖ్యలు వేసే ఆచారం ఉన్నమాట నిజమే. అయితే సైనిక మరమ్మతు కేంద్రాల్లో భాగాలు మార్చినప్పుడు పాత సంఖ్యను కొట్టివేసి కొత్తది చెక్కేవారు గనుక, సంఖ్యలు కలవడం ఆదినుంచీ అదే జత అనడానికి తిరుగులేని సాక్ష్యం కాదు, కలవకపోవడం మోసానికీ నిదర్శనం కాదు. ఈ సంఖ్యకు అసలు విలువ భద్రతలో ఉంది. బోల్టు తలకూ తూటా అడుగుకూ నడుమ ఉండవలసిన ఖాళీ ప్రతి తుపాకీకీ సరిచూసి అమర్చేది కాబట్టి, వేరే తుపాకీ బోల్టును బిగిస్తే తూటా తొడుగు పగిలి కాల్చేవారికే ప్రమాదం కలగవచ్చు. కవాతు శిక్షణకే పరిమితమని తెలిపే డి.పి. గుర్తున్న తుపాకీని రంగు గీకి కాల్చాలనుకోవడమూ అంతే ప్రమాదకరం.

అపోహ 5: కిరీటం గుర్తు ఉంటే అసలైన సైనిక తుపాకీయే.

వాస్తవం: నేటి పాకిస్తాన్ వాయవ్య సరిహద్దులోని దర్రా ఆదంఖేల్ వంటి చోట్ల చేతిపనివారు లీ-ఎన్‌ఫీల్డును గుర్తులతో సహా అనుకరించారు. అక్షరదోషాలు, తలకిందులైన అక్షరాలు, ఆ నమూనాకు పొసగని సంవత్సరాలు అటువంటి తుపాకులను పట్టిస్తాయి. కొన్నింటి ఉక్కు సైనిక ప్రమాణానికి తక్కువైనది కనుక అవి కాల్చడానికి అపాయకరమైనవి.

అపోహ 6: తాతల కాలం నాటి తుపాకీకి లైసెన్సు అక్కరలేదు.

వాస్తవం: అన్నిటిలోనూ హానికరమైన అపోహ ఇదే. 1959 ఆయుధ చట్టంలోని 45వ సెక్షన్ పాతబడిన లేదా పురావస్తు విలువ గల ఆయుధాన్ని మినహాయించినా, మరమ్మతు చేసినా చేయకపోయినా అది తుపాకీగా పనికిరాని స్థితిలో ఉన్నప్పుడే ఆ మినహాయింపు వర్తిస్తుంది. వయసు ఒక్కటే చాలదు. 2016 ఆయుధ నియమావళి మొదటి షెడ్యూలు 0.303, 7.62 బోర్ల రైఫిళ్లను, పాత రైఫిళ్ల నుంచి పోలీసుల కోసం మార్చిన 0.410 బోరు మస్కెట్లను నిషిద్ధ, నియంత్రిత ఆయుధాలు ఉండే మొదటి వర్గంలో చేర్చింది. 2019 సవరణ ప్రకారం నిషిద్ధ ఆయుధాన్ని అక్రమంగా ఉంచుకుంటే 7 నుంచి 14 ఏళ్ల జైలుశిక్ష పడవచ్చు. పంట కాపలాకు చట్టం ప్రధానంగా పేర్కొన్నది మందు కూరి కాల్చే తుపాకీయే తప్ప త్రీనాట్‌త్రీ కాదు. ఆ లైసెన్సు ఉన్నా అడవిపందిని చంపడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేరే అనుమతి కావలసిందే.

అపోహ 7: అమెరికాలో ఉన్న తెలుగువారు ఎవరైనా ఈ తుపాకులను కొనవచ్చు.

వాస్తవం: అమెరికా సమాఖ్య చట్టం తాత్కాలిక వీసాపై ఉన్నవారికి తుపాకీ కలిగి ఉండడాన్ని సాధారణంగా నిషేధిస్తుంది, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. హెచ్-1బి ఉద్యోగులు, విద్యార్థి వీసాపై ఉన్నవారు ఈ నిషేధం కిందికే వస్తారు. 50 ఏళ్లు దాటిన తుపాకుల సేకర్తలకు అక్కడ ప్రత్యేక లైసెన్సు ఉన్నా, దానితో కొన్న తుపాకీని అనుమతి లేకుండా భారతదేశానికి తీసుకురావడం ఇక్కడ నేరమవుతుంది.

తుపాకీపై ఉన్న సంఖ్యనూ, గుర్తునూ చెరిపివేయడాన్ని మన ఆయుధ చట్టంలోని 8వ సెక్షన్ నిషేధిస్తుంది కనుక, చరిత్రకు ఆధారమైన ఆ గుర్తులకు చట్టం రక్షణ కల్పించినట్లే. ఇంట్లోనో, పాత గోదాములోనో ఇటువంటి తుపాకీ కనిపిస్తే దానిని రుద్దకుండా, విప్పకుండా, కాల్చి చూడకుండా వెంటనే సమీప పోలీసు స్టేషన్‌కు తెలియజేసి అప్పగించాలి. చరిత్రపై ప్రేమ ఉన్నవారు మ్యూజియాల్లోని తుపాకులను, వాటి గుర్తుల ఫోటోలను, పుస్తకాలను ఆధారం చేసుకుని అధ్యయనం చేయాలి. చట్టబద్ధమైన సేకరణ జ్ఞానాన్ని పెంచుతుంది, అక్రమ సేకరణ జైలుకు చేరుస్తుంది.