పొదిగేది తలపు కాదు, ఇసుక

పక్షి స్పర్శతో, చేప చూపుతో, తాబేలు తలపుతో పిల్లల్ని చేస్తాయని పెద్దలు గురుదీక్షల గురించి చెబుతూ పోలిక తెస్తారు. ఒడ్డున గుడ్లు పెట్టిన తల్లి తాబేలు సముద్రంలో ఉండి వాటినే తలచుకుంటుందట. ఆ తల్లి గుడ్లను చూడడానికి తిరిగి రాదన్నది నిజమే. మరి వాటిని పొదిగేదెవరు?

జవాబు ఒడిశాలోని గంజాం తీరాన, రుషికుల్యా నది సముద్రంలో కలిసే చోట దొరుకుతుంది. ఆ తీరపు పల్లెల్లో తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇక్కడ ఆలివ్ రిడ్లే తాబేళ్లు మూకుమ్మడిగా గుడ్లు పెడతాయని శాస్త్రలోకానికి 1994లో తెలిసింది. 2025 ఫిబ్రవరిలో 6.5 లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి.

జతకట్టడం సముద్రంలోనే. మగవి ఒడ్డెక్కవు. ఆడ తాబేలు ఎక్కువగా రాత్రివేళ వచ్చి, వెనక కాళ్లతో సుమారు 45 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, నూరు పైచిలుకు గుడ్లు పెడుతుంది. ఇసుక కప్పి, ఒళ్లంతా ఊపుతూ దాన్ని గట్టిగా అదిమి వెళ్లిపోతుంది. అప్పుడు కళ్లవెంట కారే నీరు దుఃఖం కాదు. ఒంట్లో ఎక్కువైన ఉప్పు అలా బయటికి పోతుంది.

ఆపై 45 నుంచి 60 రోజులు పొదిగేది ఇసుక వేడిమే. ఆడో మగో తేల్చేదీ అదే. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ. వేడి మరీ మీరితే గుడ్లలోనే పిండాలు చనిపోతాయి. ఎండలు ముదురుతున్న ఈ కాలంలో ఇది చిన్న విషయం కాదు.

పిల్లలు రాత్రిపూట పైకొచ్చి, వెలుతురున్న దిక్కుకు పాకుతాయి. చీకట్లో నేలకన్నా సముద్రమే తెల్లగా కనిపిస్తుంది. ఒడ్డున దీపాలుంటే దారితప్పి ఊళ్లవైపు వచ్చి చనిపోతాయి. వెయ్యింటిలో ఒకటి పెద్దదైతే గొప్పే.

పెద్దవాటికి గండం వలల్లో ఉంది. ఊపిరికి పైకి రావలసిన ప్రాణి వలలో చిక్కితే మునిగి చనిపోతుంది. అందుకే ధామ్రా, దేవి, రుషికుల్యా ముఖద్వారాల దగ్గర 20 కిలోమీటర్ల మేర ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట నిషేధం. ఆ ఏడు నెలలూ చిన్న పడవల జాలరి ఇంట పొయ్యి వెలగడం కష్టమే. అయినా ఆ పల్లెల యువకులే రాత్రిళ్లు గుడ్లకు కాపలా కాస్తున్నారు. తాబేలును కాపాడే చట్టం వారి కూడు గురించి కూడా ఆలోచించాలి.

తీరానికి విహారానికి వెళ్లే మనవంతు సులువైనది. గుడ్లు పొదిగే రోజుల్లో రాత్రి ఒడ్డున టార్చి వెలిగించకుండా ఉంటే చాలు.