లైఫ్ కోచ్ యనగా నెవరు?

పిల్లవానికి లెక్కలు రాకున్న మాష్టరును పెట్టుదుము. జ్వరము తగిలిన వైద్యుని పిలుతుము. ఆస్తి తగవు వచ్చిన వకీలు నాశ్రయింతుము. కాని ఆరోగ్యము బాగుండి, జీతము బాగుండి, ‘ఈ యుద్యోగములో నుందునా, మానుదునా’ యని రాత్రులు నిద్రపట్టక పొరలు మనుష్యుడు ఎవరియొద్దకు పోవలెను? పూర్వమైనచో మేనమామయో, ఊరి పెద్దయో, అరుగుమీద కూర్చుండి వినెడివాడు. నేడు మేనమామ వేరొక నగరమున, అరుగులేని యింట నున్నాడు. ఆ ఖాళీ చోటికి వచ్చినదే ‘లైఫ్ కోచ్’ వృత్తి. మన నగరములందును, దేశాంతరములలోని తెలుగువారియందును దీని నాశ్రయించువారు కలరు గనుక, దీని స్వరూపము కొంత తెలిసికొనుట యవసరము.

మొదట మాట సంగతి. హంగరీ దేశమున కోచ్ అను గ్రామము గలదు. అచట తయారైన గుఱ్ఱపుబండ్లు యూరపుఖండమంతట ప్రసిద్ధికెక్కగా, ఊరిపేరే బండికి పేరైనది. మనము రైలుపెట్టెను కోచ్ అనుటయు నిందువలననే. 1830 ప్రాంతమున ఆక్సుఫర్డు విద్యార్థులు, తమ్ము పరీక్ష దాటించు ప్రైవేటు ఉపాధ్యాయుని పరిహాసముగ ‘కోచ్’ అనసాగిరి. పిమ్మట నది ఆటల శిక్షకునకు సంక్రమించెను. 1974లో తిమోతి గాల్వే అను అమెరికను టెన్నిసు శిక్షకుడు ‘ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్’ అను గ్రంథమును ప్రకటించెను. ఆటగాని చెఱచునది తరచుగా వాని మనస్సులోని సణుగుడే యనియు, ‘చేయి ఇట్లు త్రిప్పుము’ అని ఆజ్ఞాపించుటకంటె వానిచే బంతిని చక్కగ గమనింపజేయుట మేలనియు నాయన వాదము. ఆంగ్లేయుడైన జాన్ విట్మోర్ 1992లో వెలువరించిన గ్రంథముతో ఈ పద్ధతి కార్యాలయములలో వ్యాపించెను. ఆ దశాబ్దముననే అమెరికాలో థామస్ లియోనార్డ్ దీనిని ప్రత్యేక వృత్తిగ నిలుపుటకు పాఠశాలయు, 1995లో ఒక సమాఖ్యయు నెలకొల్పెను.

ఇంతకును కోచ్ చేయునదేమి? ఎక్కువగా ప్రశ్నలడుగుట. వారమునకో పక్షమునకో ఒకమారు, ముప్పాతిక గంటయో గంటయో సంభాషణము. ఏమి కావలెను, ఇప్పుడున్న స్థితి యేమి, ఉన్న మార్గములెన్ని, వీనిలో ఏది యెప్పుడు చేయుదువు—విట్మోర్ పద్ధతి స్థూలముగ నింతే. ఒక యుద్యోగిని ‘పై పదవికి దరఖాస్తు పెట్టుటకు భయముగా నున్నది’ అనెననుకొందము. స్నేహితురాలైనచో ‘భయమెందుకే, పెట్టు’ అనును. కోచ్ అట్లనడు. ‘భయము పదవి రాదనియా, వచ్చుననియా?’ అని యడుగును. ఆమె కొంతసేపు మిన్నకుండి, ‘వచ్చిన సాయంత్రము ఆరుగంటలకు ఇల్లు చేరలేను, పిల్లలను చూచువారు లేరు’ అనును. ఇప్పుడు సమస్య ధైర్యముది కాదు, గడియారముది. దానికి మార్గములు వెదకవచ్చును.

పార్థసారథియే మొదటి కోచ్ అని చెప్పువారు మనలో కలరు. బండి, సారథి యని మాట బాగుగనే యమరినది గాని, కృష్ణుడు అడిగినదానికన్న చెప్పినది మిక్కిలి యెక్కువ. ఒక్క పోలిక మాత్రము నిజము. అంత బోధించియు, తుదకు విచారించి నీ యిష్టము వచ్చినట్లు చేయుమని నిర్ణయమును అర్జునునికే విడిచెను.

ఇక ప్రమాదమున్న చోటు చెప్పవలెను. నా మిత్రుని కుమారుడొకడు నిద్ర మానెను, అన్నము తగ్గించెను, ఎవరితోను మాటలాడడయ్యెను. తండ్రి దానిని సోమరితనమని తలచి ఒక కోచ్ చేతిలో పెట్టెను. ఆ కోచ్ వానిచే ప్రతిదినము తెల్లవారుజామున లేచి లక్ష్యములు వ్రాయించెను. వ్రాయలేని దినమున వాడు తన్ను తాను మరింత నిందించుకొనెను. ఎనిమిది మాసములు గడచిన పిదప మానసికవైద్యుడు చూచి, ఇది కుంగుబాటను వ్యాధి యని చెప్పెను. మందులతోను మాటల చికిత్సతోను కోలుకొన్నాడు గాని, ఆ ఎనిమిది మాసములు ఎవరును తిరిగి యీయలేరు. రెండు వారములకు మించి దిగులు వదలకున్నను, నిద్రాహారములు చెడినను, చావు మాట నోట వచ్చినను అది కోచ్ పని కాదు. 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సహాయకేంద్రమునకు 14416 అను అంకెకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

మన దేశమున వైద్యునకు నమోదు కలదు, చికిత్సామనస్తత్వవేత్తకు నమోదు కలదు. లైఫ్ కోచ్‌కు అట్టి చట్టము లేదు. రేపు నేనును బోర్డు కట్టవచ్చును. కావున పరీక్షించు భారము మనమీదనే యున్నది. లియోనార్డ్ స్థాపించిన సమాఖ్య, అనగా నేటి ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, మూడు తరగతుల యోగ్యతాపత్రములిచ్చును. మొదటిదానికి 60 గంటల శిక్షణ, 100 గంటల అనుభవము; రెండవదానికి 125, 500; మూడవదానికి 200, 2,500 వలయును. పత్రముండుట గుణమునకు హామీ కాదు, కాని శనాదివారముల తరగతితో వచ్చిన బిరుదుకన్న మేలు. రహస్యము కాపాడుట, రుసుము, మధ్యలో మానిన డబ్బు తిరిగి యిచ్చుట—ఇవి కాగితముమీద నుండవలెను. రుసుము మీ కంపెనీ చెల్లించుచున్నచో, మీ మాటలలో ఏవి పైవారికి చేరునో ముందే అడుగుడు.

నేనును ఒకప్పుడు ఉద్యోగము మానదలచి ఇట్టివారిని వెదకితిని. మొదటివానితో నలుబది నిమిషములు కూర్చుంటిని. అందు నేను మాటలాడినవి పది. తక్కినవి ఆయన విజయగాథలు. ఆ రాత్రిలోపల సంవత్సరపు రుసుము కట్టిన సగము తగ్గింపనగా నమస్కరించి లేచితిని. రెండవయామె నేను చెప్పినదంతయు విని ఒక్క ప్రశ్న వేసెను: ‘మానిన తరువాత వచ్చు మొదటి సోమవారము, ఉదయము పదిగంటలకు మీరేమి చేయుచుందురు?’ నాకు సమాధానము తోచలేదు. ఆమెయు తొందరపెట్టలేదు. ఆమెతో ఆరుమారులు మాటలాడితిని. ఏడవదానికి దినము నిర్ణయింపుమని నేనడుగగా, ‘ఇక మీకు నాతో పనియేమున్నది?’ అని నవ్వి పుస్తకము మూసెను.