అలసట వ్యాధిలో అడుగుల లెక్క

కనకమామిడి మీదుగా చేవెళ్లకు సాగే రహదారి పక్కనున్న మర్రి వృక్షాలను ఎరుగని వారు ఈ ప్రాంతంలో లేరు. ఉపాధ్యాయినిగా పదవీ విరమణ పొందిన నాటి నుంచి ప్రాతఃకాలాన వాటి నీడన నాలుగు కిలోమీటర్లు నడవడం నా నిత్యకృత్యంగా ఉండేది. 2021 మే నెలలో కొవిడ్ సోకింది. పది రోజులకు జ్వరం విడిచింది కాని, బలం తిరిగి రాలేదు.

"నడవండి, నడిస్తేనే సత్తువ వస్తుంది" అన్నారు నేను సంప్రదించిన వైద్యులొకరు. మా అబ్బాయి ముంజేతికి కట్టుకునే బ్యాండు ఒకటి తెచ్చి, "అమ్మా, రోజుకు పదివేల అడుగులు వేయాలి" అన్నాడు. నేను శ్రద్ధగా ఆచరించాను. ఒకనాడు ఆరువేల అడుగులు నడిచేదాన్ని. మూడవనాటికి తల దువ్వుకోవడానికి చేయి లేచేది కాదు. కోలుకోగానే మళ్లీ నడక, మళ్లీ మంచం. ఇలా ఐదు నెలలు గడిచాయి. "ఏందక్కా, పొద్దుగాల కనబడ్తలేవు?" అని పొరుగామె అడిగితే ఏమి చెప్పాలో తోచేది కాదు. చూపరులకు నాలో ఏ రోగమూ కనబడదు మరి.

(ఈ పదివేల సంఖ్య 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల యంత్రం పేరు నుంచి ప్రచారమైనదే గాని, వైద్య పరిశోధనలో తేలినది కాదు.)

రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం, బి12 లోపం ఏవీ లేవని పరీక్షలలో తేలాక, మరొక వైద్యులు అసలు వ్యాధి పేరు చెప్పారు: క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. ఆరు నెలలకు మించిన నిస్సత్తువ, నిద్రించినా తీరని బడలిక దీని లక్షణాలు. అన్నిటికన్నా ముఖ్యమైనది, శ్రమ ఫలితం వెంటనే గాక తరచు 12 నుంచి 48 గంటల తరువాత విరుచుకుపడటం. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021 అక్టోబరులో వెలువరించిన మార్గదర్శకాలలో, ఈ రోగులకు వ్యాయామాన్ని క్రమంగా పెంచుతూ పోయే చికిత్స ఇవ్వరాదని పేర్కొన్నది.

ఆ రాత్రి బ్యాండులోని పాత లెక్కలు ముందు వేసుకుని కూర్చున్నాను. నేను మంచం పట్టిన దాదాపు ప్రతిసారీ, అంతకు రెండు రోజుల ముందు ఎత్తైన గీత ఒకటి ఉన్నది! ఒక్కసారి మాత్రం అడుగులు 1,800 దాటలేదు. అది బంధువుల పెండ్లి రోజు. ఉదయం నుంచి కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాను. నాడి వేగం మాత్రం సాయంత్రం వరకు దిగలేదు. మాటా శ్రమే, చదువూ శ్రమే. వాటిని అడుగుల లెక్క పట్టుకోలేదు.

అది మొదలు బ్యాండును తిరగేసి వాడుతున్నాను. అడుగులకు గమ్యం బదులు 2,200 అని గరిష్ఠ హద్దు పెట్టుకున్నాను. విశ్రాంతిలో నా నాడి 72. దానికి పదిహేను కలిపి, 87 దాటితే మోగేటట్లు అమర్చాము. కొందరు నిపుణులు సూచించే లెక్క ఇది. గుండె జబ్బుకు మందులు వాడేవారు తమ వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. నిలబడి జొన్నరొట్టె చేస్తుంటే నాడి 108కి చేరుతున్నదని అప్పుడే తెలిసింది. ఇప్పుడు పీట వేసుకుని రెండు రొట్టెలు చేసి, మోత వినగానే పది నిమిషాలు నడుము వాలుస్తాను. పట్టీ వదులైతే నాడి తప్పు చూపుతుంది. నిద్రకు అది వేసే మార్కులను నేను నమ్మను.

మన శాస్త్రానికి ఇది కొత్త కాదు. శ్రమించకుండానే కలిగే అలసటను సుశ్రుతుడు 'క్లమం' అన్నాడు. బలవంతుడు సైతం తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని వాగ్భటుడు విధించాడు. చరకుడు చెప్పిన పది శ్రమహర ద్రవ్యాలలో ద్రాక్ష, ఖర్జూరం, దానిమ్మ, రేగు, చెరకు ఉన్నాయి. రాత్రి నానబెట్టిన పదిహేను ఎండుద్రాక్షలను ఉదయం పిసికి, ఆ నీటితో సహా సేవిస్తున్నాను. దాహం, నోటి ఎండుదల తగ్గాయి; వ్యాధి కుదిరిందని మాత్రం చెప్పను. మధుమేహులకు ఇది పనికిరాదు. అశ్వగంధను థైరాయిడ్, కాలేయ వ్యాధులున్నవారు సొంతంగా వాడరాదు.

మంచం పట్టే రోజులు నెలకు పన్నెండు నుంచి మూడుకు తగ్గాయి. ఈ సంవత్సరం హద్దును 2,600కు పెంచాను. మా ఇంటి నుంచి మొదటి మర్రి వరకు వెళ్లి రావడానికి 1,400 అడుగులు. అక్కడ ఒక రాతి మీద కూర్చుని, నాడి 80కి దిగేవరకు చూసి వెనుదిరుగుతాను.